కాటా మీద మూడు గీతలు

క్వారీ రోడ్డు మీద పాత కాటా ఉంది చూడండి — రాత్రిపూట అక్కడ ఎవరూ బండి ఆపరు.

ఆపితే ఏమవుతుందంటే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. అందరూ కలిసేది మాత్రం ఒక్కచోట. అక్కడ ఇంజన్ ఆపితే... ఆగదట. తాళం తీసి చేత్తో పట్టుకున్నా సరే — ఆగదట.

నేను దెయ్యాలు నమ్మే మనిషిని కాదు. ఈ కథలో సగం నేను చేసింది, సగం మా పెదనాన్న చెబితే విన్నది. నా సగంలో దెయ్యం లేదు, సిగ్గు ఉంది. ఆయన సగంలో ఏముందో మీరే తేల్చుకోండి.

కాటా అంటే లారీలు తూచే చోటు. రోడ్డు పక్కన ఒక గది. గది ముందు, లారీ మొత్తం పట్టేంత ఇనప పలక. పలక మీద బండి నిలబెడితే గది కిటికీలో గోడగడియారమంత డయలు మీద సూది తిరుగుతుంది. గీతకి ఇరవై కిలోలు. అంతా మీటల మీద నడిచే వ్యవహారం, కరెంటుతో పని లేదు. కిటికీ కింద ఎర్ర రంగుతో పెద్ద అక్షరాలు — ఇంజన్ ఆపండి. ఇంజన్ వణికితే పలక వణుకుతుంది, పలక వణికితే సూది వణుకుతుంది, తూకం తేలదు.

ఆ గదిలో ఒకాయన ఇరవై ఆరేళ్ళు కూర్చున్నాడు. ఒకసారి పలక కింద గ్రీజు పెడుతుంటే మీటల మధ్య నలిగి ఎడమచేతి ఉంగరం వేలు పోయింది. అప్పట్నుంచి లారీవాళ్ళకి ఆయన నాలుగు వేళ్ళాయన. మంచివాడే, కానీ మొండి. ఇంజన్ ఆపకపోతే డయలు వైపు తలెత్తేవాడు కాదట.

ఒక వానరాత్రి ఆయన కుర్చీలోనే పోయాడు.

అప్పుడు లారీలు లైన్లో ఉన్నాయి. కిటికీలోంచి చూస్తే కుర్చీలో వాలిన మనిషి కనిపించాడు. నిద్రపోతున్నాడనుకున్నారు. హారన్ కొట్టారు. లేవలేదు. తూకం బాధ తప్పింది, అదే చాలని ఒకడి వెనక ఒకడు వెళ్ళిపోయారు. ఆ రాత్రి ఒక్కడు కూడా ఇంజన్ ఆపలేదు. ఆపి ఉంటే... లోపలి మూలుగు వినపడేది అంటారు. తెల్లారి చూసిన డాక్టరు, ప్రాణం పోయి రెండు గంటలే అయిందన్నాడట.

రెండు గంటలు. అంటే రాత్రంతా ఉన్నాడు.

తర్వాత కొత్త కాటా వేరే చోట కట్టారు. ఇది మూతపడింది. చెడ్డపేరు మాత్రం మూతపడలేదు.

ఇక కారు సంగతి.

మా పెదనాన్న ముప్పై ఏళ్ళు లారీ నడిపాడు. తుక్కు కిందికి పోతున్న ఒక పాత స్పోర్ట్స్ కారుని ఓసారి తన లారీలోనే ఎక్కించుకుని ఇంటికి తెచ్చాడు. రెండే సీట్లు. నిలబడితే దాని పైకప్పు నా ఛాతీ దాకా కూడా రాదు. హెడ్‌లైట్లు బానెట్‌లో దాక్కుని ఉంటాయి, స్విచ్చి నొక్కితే కనురెప్పల్లా లేస్తాయి. అప్పటికే ఇంజన్ పట్టేసి ఉంది. ఎప్పటికైనా నడుపుతానని షెడ్డులో పెట్టాడు. నాకు ఇరవై మూడేళ్ళు. అది షెడ్డులో ఉండటం మొదలుపెట్టి ఇరవై ఏడు. పెద్దమ్మ దాని మీద దుప్పట్లు ఆరేసేది. "ఈ ఇంట్లో చోటు ఆక్రమించి కదలనివి రెండు. ఒకదానికి చక్రాలున్నాయి, అంతే తేడా," అనేది పెదనాన్న వినేలా.

నేనేమో రెండు చదువులు మధ్యలో ఆపేశాను. ఫోన్ల రిపేరు షాపు పెట్టి ఎనిమిది నెలలకి మూసేశాను. చుట్టాల్లో నా పేరు మధ్యలో దిగిపోయేవాడు. నాన్న కూడా నవ్వేవాడు.

పెదనాన్న ఒక్కడే నవ్వేవాడు కాదు. "వీడు వదిలేసి పోయే రకం కాదురా. వీడికి తగ్గ బరువు ఇంకా ఎవడూ నెత్తికెత్తలేదు, అంతే," అనేవాడు. ఒకరోజు షెడ్డు తాళం నా చేతిలో పెట్టాడు. "ఇదిగో బరువు. మొయ్యి."

ఆ ఒక్క మాట మీద నేను పదకొండు నెలలు నిలబడ్డాను.

వెనక నుంచి గుద్దుకుపోయిన ఒక మామూలు ఫ్యామిలీ కారులో టర్బో ఇంజన్ దొరికింది. ముందుభాగం చెక్కు చెదరలేదు. టర్బో అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు — సైలెన్సర్‌లోంచి వృథాగా పోయే పొగతో ఒక చిన్న చక్రాన్ని తిప్పించి, ఆ చక్రంతో ఇంజన్‌లోకి గాలి కుక్కించడం. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ కాలుతుంది, బలం ఎక్కువొస్తుంది. పాత ఇంజన్‌కి నూట పది గుర్రాల బలం. దీనికి రెండు వందల పది. కొత్త ఇంజన్ పట్టడానికి, ఇంజన్‌కీ సీట్లకీ మధ్య ఉండే రేకు గోడ నాలుగు సెంటీమీటర్లు వెనక్కి కొట్టాను. చక్రాలకి పోయే షాఫ్టుని లేతు షాపులో పదకొండు సెంటీమీటర్లు కోయించాను. ఇంజన్ కూర్చునే దిమ్మలు మూడుసార్లు చేశాను, మూడోసారి కుదిరింది. చివరగా గురువారం రాత్రి స్టీరింగ్ కింద పచ్చ అంకెలు వెలిగే చిన్న పెట్టె ఒకటి బిగించాను. దాని సంగతి తర్వాత వస్తుంది.

తొందర ఎందుకంటే, సోమవారం పెదనాన్నకి తుంటి ఆపరేషన్. ఆ తర్వాత అంత కిందికి వంగి కూర్చునే మాట మరిచిపోవాలన్నాడు డాక్టరు. కాబట్టి ఆ కారులో ఆయన ఎక్కాలంటే ఆ సోమవారం లోపే ఎక్కాలి. లేకపోతే లేదు.

పగలు క్వారీ రోడ్డంతా లారీలు. శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకి బయల్దేరాం.

ఎక్కించడానికే నాలుగు నిమిషాలు పట్టింది. ముందు ఆయన వెనక్కి తిరగాలి, నేను రెండు చంకల కింద పట్టుకుని దించాలి, తర్వాత కాళ్ళు ఒక్కొక్కటే లోపల పెట్టాలి. దిగాలన్నా అంతే. ఎవరో ఒకరు లేపితే తప్ప ఆ సీట్లోంచి ఆయన లేవలేడు. ఇది గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

కూడలిలో టైర్ల బాబాయి దగ్గర ఆగాం. బాబాయి అంటే చుట్టం కాదు, ఊరందరికీ బాబాయే. గాలి పట్టడానికి వంగి, కారులోకి తొంగిచూశాడు.

"ఏంటన్నా, పడుకునే నడుపుతారా దీన్ని?"

"నేను నడపట్లేదు. మా ఇంజనీరుగారు నడుపుతున్నారు," అన్నాడు పెదనాన్న.

"మీ ఇంజనీరుగారు మధ్యలో దిగిపోతే?"

"వాడు దిగడు."

బాబాయి నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "క్వారీ రోడ్డేనా? కాటా దగ్గర మాత్రం ఆపకు అబ్బాయ్. పొయ్యొచ్చేయ్."

"ఆపితే ఇంజన్ ఆగదనేగా బాబాయ్? ఇగ్నిషన్ తీస్తే కరెంటు పోతుంది. కరెంటు పోతే మంట పోతుంది. మంట పోతే ఆగుతుంది. మూడు మెట్ల లెక్క," అన్నాను.

"లెక్కలు నాకూ వచ్చు," అన్నాడు బాబాయి గాలి గొట్టం చుట్టుకుంటూ. "నాలుగు టైర్లకి నాలుగుసార్లు గాలి పట్టా. ఇక వెళ్ళు."

రోడ్డు ఖాళీ. మూడో గేరులో కాలు పూర్తిగా నొక్కాను.

ముందు ఒక్క క్షణం ఏమీ జరగదు. తర్వాత ముందు నుంచి సన్నగా ఈల మొదలవుతుంది... పెరుగుతుంది... వీపు సీటుకి అతుక్కుపోతుంది. కాలు తీస్తే బుస్ మని గాలి బయటికొస్తుంది. పెదనాన్న మొదటిసారి ఉలిక్కిపడ్డాడు. రెండోసారి నవ్వాడు. మూడోసారి "మళ్ళీ" అన్నాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, పళ్ళు కనపడేలా నవ్వుతూ, "మళ్ళీ" అన్నాడు.

పద్నాలుగు కిలోమీటర్లు అలా తోలాను. అటు చివర తిప్పుకుని వస్తుంటే కాటా గది కనిపించింది.

నాకు ఒక లెక్క మిగిలిపోయింది. గుర్రాల బలం తెలుసు, కారు బరువు తెలీదు. వెయ్యి కిలోలుంటుందని నా అంచనా. వెయ్యి కిలోలకి రెండు వందల పది గుర్రాలు — ఆ అంకె ఎవరికైనా గట్టిగా చెప్పుకోవాలంటే తూచి చూడాలి. కొత్త కాటావాళ్ళు కార్లు తూచరు.

"పెదనాన్నా, ఆ డయలు ఇంకా తిరుగుతుందంటావా?"

ఆయన కాటా కిటికీ వైపు చూస్తున్నాడు.

"పెదనాన్నా?"

"తిరుగుతుంది," అన్నాడు మెల్లగా. "వద్దులేరా... పోదాం."

"ఒక్క నిమిషం."

కారుని పలక మీదికి ఎక్కించేశాను. పలక ఒక్కసారి మూలిగింది. ఫోను లైటు కిటికీ మీద వేశాను. అద్దం మీద దుమ్ము, దుమ్ము వెనక డయలు... సూది లేచింది. వెయ్యిన్నీ నూట నలభై దగ్గర అటూ ఇటూ వణుకుతోంది.

పెదనాన్న ఎనభై. నేను అరవై. తీసేస్తే వెయ్యి. సరిగ్గా వెయ్యి. నా అంచనా గీతకి గీత సరిపోయింది.

"ఇంజన్ ఆపు," అన్నాడు పెదనాన్న. అది ఆయన గొంతులా లేదు. "గోడ మీద రాసుంది కదా. ఆపి చూడు."

లైట్లు ఆర్పాను. కుడి లైటు మూసుకుంది. ఎడమది సగంలో ఆగిపోయింది, నిద్ర రాని కన్నులా.

తాళం తిప్పాను. బయటికి లాగాను.

ఇంజన్ ఆగలేదు.

తాళం వైపు చూశాను. నా అరచేతిలో ఉంది. ఇంజన్ తిరుగుతూనే ఉంది. మెల్లగా... నింపాదిగా... ఎవరో మనకన్నా ముందే నిర్ణయించినట్టు.

"తాళం నీ చేతిలోనే ఉంది కదరా," అన్నాడు పెదనాన్న గుసగుసగా.

డోరు తీసుకుని దిగాను. ఎందుకు దిగానో తెలీదు. బానెట్ తీద్దామనుకున్నానేమో. ఫోను లైటు మళ్ళీ కిటికీ మీద పడింది.

కిటికీలో ఒక మొహం. నోరు తెరుచుకుని నన్నే చూస్తోంది.

పరిగెత్తాను.

వెనక నుంచి "ఒరేయ్" అని ఒక్క పిలుపు వినిపించింది. గట్టిగా కాదు. సగంలోనే ఆగిన పిలుపు.

నేను ఆగలేదు.

కల్వర్టు దాకా పరిగెత్తాను. కాటాకి నాలుగు వందల మీటర్లు అది, తర్వాత కొలిచాను. కల్వర్టు గోడ పట్టుకుని వంగి నిలబడ్డాను. దూరంగా, చీకట్లో, ఇంజన్ చప్పుడు వినిపిస్తూనే ఉంది.

అక్కడ నేను ఏం ఆలోచించానో రాయాలి. రాయకపోతే ఈ కథ చెప్పడం దండగ.

పెదనాన్న గురించి ఆలోచించలేదు. ఇంటికెళ్ళి ఏం చెప్పాలా అని ఆలోచించాను. కారు ఆగిపోయింది, సాయం కోసం వచ్చాను — ఇలా చెబితే బాగుంటుందనుకున్నాను. పెద్దమ్మ ఏమడుగుతుంది, నేనేం చెప్పాలి, అన్నీ వరసగా పేర్చుకున్నాను. లేపితే తప్ప లేవలేని మనిషి ఆ సీట్లో ఉన్నాడు, నేను అబద్ధం సరిచూసుకుంటున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది. పచ్చ అంకెలు.

తాళం లాగినప్పుడు స్టీరింగ్ కింద ఏవో అంకెలు వెలుగుతున్నాయి. ఒక్కొక్కటే తగ్గుతున్నాయి.

టర్బో ఉన్న ఇంజన్‌ని గట్టిగా తోలి వెంటనే ఆపకూడదు. లోపలి చక్రం ఎర్రగా కాలి ఉంటుంది. కాసేపు మామూలుగా తిరగనిచ్చి, నూనె దాన్ని చల్లబరిచాక ఆపాలి. అంతసేపు కూర్చునే ఓపిక లేనివాళ్ళ కోసం ఒక పెట్టె ఉంటుంది. తాళం తీసి వెళ్ళిపోయినా ఇంజన్‌ని అదే తిప్పుతుంది, అదే ఆపుతుంది. ఎంతసేపన్నది బండిని ఎంత గట్టిగా తోలారన్న దాన్ని బట్టి అదే లెక్కేసుకుంటుంది. షెడ్డులో నేను ఎన్నిసార్లు పరీక్షించినా బండి కదల్లేదు కాబట్టి లెక్క సున్నా వచ్చింది, ఇంజన్ వెంటనే ఆగింది. ఆ సంగతే మరిచిపోయాను. ఈ రాత్రి మొదటిసారి కారుని నిజంగా తోలాను. పెట్టె మొదటిసారి నిజంగా పనిచేసింది.

కొన్నది నేనే. నాలుగు వైర్లు కలిపింది నేనే. ఇక కిటికీలో మొహం — అద్దంలో ఫోను లైటుకి నోరు తెరిచి చూసే మొహం ఎవరిదై ఉంటుంది?

నేను పారిపోయింది నా వైరింగు నుంచీ, నా మొహం నుంచీ.

నవ్వొచ్చింది. నిజంగానే నవ్వుకున్నాను. వెనక్కి నడిచాను. పరిగెత్తలేదు, నడిచాను. తొందరేముంది, దెయ్యం లేదని తేలిపోయింది కదా.

అసలు సిగ్గు ఇక్కడుంది. దెయ్యం కాదని తెలిశాక వెనక్కెళ్ళాను. దెయ్యమే అయ్యుంటే... వెళ్ళేవాణ్ణి కాదు.

గది మూల దాకా వచ్చాను. ఇంకా పలక ఎక్కలేదు. పారిపోతూ నేను తెరిచి వదిలేసిన డోరు మూసి ఉంది. పెదనాన్న వంగి లాక్కుని ఉంటాడనుకున్నాను. పక్కనుంచి కిటికీలోకి లైటు వేశాను, అలవాటు కొద్దీ, అంకె చూద్దామని.

సూది వెయ్యిన్నీ నూట నలభై దగ్గరే వణుకుతోంది.

అప్పుడే ఇంజన్ ఆగింది. టక్కుమని, ఎంత అందంగా ఆగాలో అంత అందంగా. ఫోను చూసుకున్నాను. తొమ్మిది నిమిషాల పైన అయింది నేను దిగి.

చప్పుడంతా పోయింది. సూది వణుకు ఆపింది. వెయ్యిన్నీ నూట నలభై మీద నిలబడింది.

తర్వాత... మెల్లగా... దిగింది. ఒక గీత. రెండు గీతలు. మూడు.

వెయ్యిన్నీ ఎనభై. కారు వెయ్యి, పెదనాన్న ఎనభై.

తుప్పు, అనుకున్నాను. తుప్పుపట్టి ఇంతసేపూ ఇరుక్కుంది, ఇప్పుడు వదిలింది.

కారు దగ్గరికి వెళ్ళాను. పెదనాన్న కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. కుడిచెయ్యి గేరు పక్కన వెల్లకిలా తెరిచి ఉంది.

"పెదనాన్నా."

కళ్ళు తెరిచాడు. తన వైపు కారు అద్దంలోంచి నన్ను చూసి, పక్క సీటు చూశాడు. "మళ్ళీ దిగావేంరా?"

మొదట దిగి పారిపోయినందుకు దెప్పుతున్నాడనుకున్నాను. "ఏం లేదు పెదనాన్నా, అది టైమరు. నేనే బిగించా. మర్చిపోయా," అన్నాను.

"టైమరా," అన్నాడు. ఇల్లు చేరేదాకా నేను మూడో గేరు దాటలేదు. ఆయన "మళ్ళీ" అనలేదు.

మర్నాడు టైర్ల బాబాయి షెడ్డుకొచ్చాడు. టైమరు సంగతి నేనే చెప్పాను. ముందుగా నేను నవ్వితే ఎవరూ ఎక్కువ నవ్వరని. బాబాయి డబ్బా మీద కూర్చుని కడుపు పట్టుకున్నాడు.

"మూడు మెట్ల లెక్క అన్నావు కదరా అబ్బాయ్? నాలుగో మెట్టు మీద పరుగు పెట్టావా?" కళ్ళు తుడుచుకుని పెదనాన్న వైపు తిరిగాడు. "నేను చెప్పలా అన్నా, దిగిపోతాడని?"

పెదనాన్న నవ్వలేదు.

"పరిగెత్తాడు. ఎవడైనా పరిగెత్తుతాడు," అన్నాడు. "రెండు నిమిషాల్లో తిరిగొచ్చాడు. అది చెప్పడేం వాడు? డోరు తీసుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు. ఒక్క మాట మాట్లాడలేదు. నా చెయ్యి పట్టుకున్నాడు. ఇంజన్ ఆగేదాకా వదల్లేదు."

నా చేతిలో స్పానరు ఉంది. ఏ నట్టుకి పెట్టానో గుర్తులేదు.

"మీరు చూశారా వాణ్ణి?" అన్నాడు బాబాయి, ఇంకా వేళాకోళంగానే.

"కళ్ళు తెరిస్తేగా. నాకూ భయమేసింది. చెయ్యి తగిలాకే గుండె కుదుటపడింది." నా వైపు చూశాడు. "వీడు వదిలేసి పోయే రకం కాదని నేను ఎప్పట్నుంచో చెబుతున్నా."

అప్పుడే చెప్పాల్సింది. నేను రాలేదు పెదనాన్నా, తొమ్మిది నిమిషాలు నీ పక్కన లేను. పట్టుమని పది మాటలు లేవు. బాబాయి నవ్వు ఆపి నన్ను కొత్తగా చూస్తున్నాడు. పదకొండు నెలల్లో, కాదు, ఇరవై మూడేళ్ళలో నన్ను ఎవరూ అలా చూడలేదు.

తల ఊపాను.

ఆదివారం మిట్టమధ్యాహ్నం ఒక్కణ్ణే కాటాకి వెళ్ళాను. తుప్పని నాకు నేను రుజువు చేసుకోవాలి. పలక ఎక్కించి, కూర్చునే చూశాను. వెయ్యిన్నీ అరవై. దిగి పలక అవతల నిలబడ్డాను. వెంటనే వెయ్యి. ఎక్కాను, వెంటనే వెయ్యిన్నీ అరవై. పదకొండుసార్లు ఎక్కి దిగాను. సూది ఒక్కసారి కూడా ఇరుక్కోలేదు. పన్నెండోసారి ఎక్కలేకపోయాను.

ఆపరేషన్ బాగానే జరిగింది, ముందే చెప్పేస్తున్నాను. ఆయన ఇప్పుడు కర్ర లేకుండా షెడ్డు దాకా నడుస్తాడు. నేను చెప్పాల్సింది ఆపరేషన్ ముందు జరిగింది.

సోమవారం పొద్దున ఏడు. ఆస్పత్రి వరండాలో చక్రాల మంచం. పెద్దమ్మ కాగితాల కోసం వెళ్ళింది. నర్సు లోపలి నుంచి పిలుపు కోసం చూస్తూ మంచం తలవైపు నిలబడింది.

"ఒరేయ్," అన్నాడు పెదనాన్న. "నీకొకటి చెప్పాలి. మీ పెద్దమ్మకి కూడా చెప్పలేదు."

వంగాను.

"ఆ వానరాత్రి కాటా లైన్లో నేనూ ఉన్నా. ఆరోవాణ్ణి. హారన్ కొట్టా. కిటికీలోకి చూశా. కుర్చీలోంచి చెయ్యి లేచింది... నాలుగు వేళ్ళు... ఇలా. నిద్రలో కదిలిందనుకున్నా." కళ్ళు పైకప్పు వైపు తిప్పుకున్నాడు. "కాదు. అనుకోవాలనుకున్నా. దిగితే ఆలస్యమవుతుంది. గేరు వేసి వచ్చేశా. ఇన్నేళ్ళలో అక్కడ మళ్ళీ ఆగలేదు. నువ్వే ఆపావు."

"పెదనాన్నా..."

"నేను తిరిగెళ్ళలేదు. నువ్వు తిరిగొచ్చావు. ఆ మాట నీకు చెప్పకుండా లోపలికి పోవాలనిపించలేదు."

ఇప్పుడు చెప్పెయ్యి, అనుకున్నాను. ఆపరేషన్‌కి పోయే మనిషితో ఇప్పుడెందుకు, అని కూడా అనుకున్నాను. కారణం దొరికితే చాలు నాకు.

"కానీ ఆ రాత్రి నీ చెయ్యి ఎందుకురా అంత చల్లగా ఉంది?"

"భయంతో, పెదనాన్నా," అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట.

ఆయన నవ్వి, దుప్పట్లోంచి కుడిచెయ్యి చాపాడు. "ఏదీ, ఒకసారి ఇవ్వు. అలాగే పట్టుకో, వాళ్ళు పిలిచేదాకా."

కుడిచెయ్యి ఇవ్వబోయాను.

"అది కాదు. డ్రైవరు సీట్లోంచి ఏ చెయ్యి వస్తుంది? ఎడమది."

ఎడమచెయ్యి ఇచ్చాను. పట్టుకున్నాడు. బొటనవేలితో నా వేళ్ళ కణుపులు నిమురుతూ ఉన్నాడు, ఏదో ఆలోచిస్తున్నట్టు. చిటికెన వేలు. పక్కది.

అక్కడ ఆగింది ఆయన బొటనవేలు.

మళ్ళీ మొదటికొచ్చింది. ఈసారి మెల్లగా, ఒక్కొక్కటే. చిటికెన వేలు... ఉంగరం వేలు... నడివేలు... చూపుడు వేలు. మళ్ళీ వెనక్కి. ఉంగరం వేలు మీద మళ్ళీ ఆగింది, అక్కడ అది ఉండకూడదన్నట్టు.

ఇంట్లో లెక్కల్లో వేగం నాదే. ఆ లెక్క మాత్రం ఆయనే ముందు తేల్చాడు.

నేను తలెత్తలేదు. ఆయన నన్ను చూస్తున్నాడని తెలుస్తోంది. నా చెయ్యి వదిలేస్తే బాగుండనిపించింది. వదల్లేదు.

"వేడిగా ఉంది," అన్నాడు చివరికి.

లోపలి నుంచి పిలుపు వచ్చింది. నర్సు మంచం కదుపుతూ, మాట కలపాలి కాబట్టి, "అబ్బాయి మీ కొడుకా?" అని అడిగింది.

"మా తమ్ముడి కొడుకు," అన్నాడు పెదనాన్న. "వీడు వదిలేసి..."

తలుపులు తెరుచుకున్నాయి. మూసుకున్నాయి.

ఆ మాట ఆయన మధ్యలో ఆపడం నేను వినడం అదే మొదటిసారి.